మొదటి మూట

శాలిబండ కుట్టు కేంద్రంలో మాణిక్యమ్మ అంటే అందరికీ భయమే. ఆమెకు మాత్రం భయమంటే ఏమిటో తెలియదని అనుకునేవారు. పంతొమ్మిది వందల డెబ్భై ఆరు ఎండాకాలం వచ్చేసరికి అదంతా తలకిందులైంది. పొద్దున లేస్తే భయం, అన్నం ముందు కూర్చుంటే భయం, ఆదివారం చర్చిలో పాట అందుకున్నా గొంతులో అదే భయం. ఆ కేంద్రంలో తనకు అదే ఆఖరి ఎండాకాలమని అప్పటికి ఆమెకు తెలియదు. తెలిసినా అంత బెదిరేది కాదేమో. ఆమె భయం తన గురించి కాదు, తను పని నేర్పిన ఆడవాళ్ళ గురించి. అందులోనూ సత్తెమ్మ గురించి.

ముందు కేంద్రం సంగతి చెప్పాలి. ఒక సర్కారీ కార్పొరేషను వాళ్ళు శాలిబండలో నవాబుల నాటి ఒక పాత దేవిడీ భవంతిని అద్దెకు తీసుకుని, ఏ నవాబో హుక్కా తాగుతూ కూర్చున్న దివాన్‌ఖానాలో ఇరవై కుట్టు మిషన్లు వేయించారు. ప్యూన్లకు, వాచ్‌మన్లకు, వార్డుబాయిలకు కావలసిన ఖాకీ చొక్కాలు అక్కడ తయారవుతాయి. పొద్దున కత్తిరించిన గుడ్డ ఇస్తారు. సాయంత్రం ఎవరు కుట్టినవి వాళ్ళు గుడ్డ పేలికతో మూట కట్టి ఇస్సాకు బల్ల మీద పెట్టాలి. ఇస్సాకు చెకింగ్ మనిషి. పేరుకే చెకింగ్, అతనికీ మాణిక్యమ్మ ఎంత చెబితే అంత.

మాణిక్యమ్మ తండ్రి చార్మినార్ దగ్గర ఒక షేర్వానీల దర్జీ కింద బతుకంతా కాజాలు తీసినవాడు. ఆయన ఇంటికి తెచ్చుకున్న, అంచులు మడిచి చేత్తో కుట్టే తుర్పాయి పని చేస్తూనే ఈమెకు చేతులు వచ్చాయి. ఉప్పుగూడలో రైల్వే గేట్‌మన్ ప్రకాశాన్ని చేసుకుంది. పిల్లలు కలగలేదు. ఎవరైనా అయ్యో పాపమని మొదలుపెడితే, "కేంద్రంల ఉన్నోళ్ళు చాలరా నాకు? ఇంక గావాల్నా?" అని నోరు మూయించేది. కేంద్రం తెరిచిననాడే చేరింది. తర్వాత చేరిన ప్రతి ఒక్కరికీ ఆమే పని నేర్పింది. మొదటి వారం గుడ్డ ముట్టనిచ్చేది కాదు. దారం లేకుండా పాత పేపరు మీద సూది నడిపించాలి. కాలు తన మాట వింటున్నదని నమ్మకం కుదిరాకే చేతికి పని. పని నేర్పే గురువని అక్కడి ముస్లిం ఆడవాళ్ళు ఆమెను ఉస్తానీ అని పిలిచేవారు. ఆ పేరే మిగతావాళ్ళ నోళ్ళలోనూ నిలిచింది. ఎదురుగా మాత్రం తెలుగువాళ్ళందరికీ ఆమె అక్క.

పనితో పాటు ఆమె ఇంకొకటి కూడా నేర్పింది. తన తండ్రి పనిచేసిన దుకాణంలో ఉస్తాదు లేవకుండా, ఆయన కింద పని నేర్చుకునే షాగిర్దు లేచేవాడు కాదు. ఉస్తాదు చేతి పనికి మించి తన పని చూపించేవాడు కాదు. ఈ సంగతి ఆమె కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళకూ గర్వంగా చెప్పేది. కేంద్రంలోనూ అదే నడిచింది. సాయంత్రం మొదటి మూట ఉస్తానీది. ఇస్సాకు దాన్ని ముందు పెట్టుకుని, అందులోని కాలరుతో, జేబుతో మిగతావాళ్ళవి పోల్చి చూస్తాడు. ఆ మూట బల్ల మీదికి వెళ్ళేదాకా ఇంకెవరూ మూట కట్టరు. అందులో ఎన్ని చొక్కాలుంటే అంతకు మించి ఎవరూ పెట్టరు. పెట్టడమంటే పెళ్ళి పందిట్లో పెద్దలకన్నా ముందు విస్తరి ముందు కూర్చున్నట్టే లెక్క.

ఉస్తానీ చేయి ఆడిన రోజుల్లో ఇందులో ఏ నష్టమూ లేదు. ఆమెను మించి కుట్టగలిగినవాళ్ళు లేరు, కాబట్టి మించకూడదన్న నియమం ఎవరికీ అడ్డు రాలేదు. తర్వాత ఆమె కంటికి పొర కమ్మడం మొదలైంది. ఒక్కనాటితో వచ్చింది కాదు. ఖాకీ గుడ్డ మీద ఖాకీ దారం కంటికి ఆనడం మానేసింది. ఆమె వేలితో తడిమి కుట్టసాగింది. కుట్టులో వంకర రాలేదు. వేగం మాత్రం పోయింది. రోజుకు పన్నెండు కుట్టిన మనిషి పదికి, ఎనిమిదికి, ఏడుకు దిగింది. ఆమెతో పాటు గది మొత్తం మెట్టు మెట్టుగా ఏడుకు దిగింది. ఎవరూ కూడబలుక్కోలేదు. తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు, ఎవరికి వాళ్ళు ఒక చొక్కా తగ్గించుకున్నారు, ఆ తర్వాత ఇంకొకటి. పక్కన అందరివీ ఏడే ఉండేసరికి మాణిక్యమ్మకు తన వేగం తగ్గిందన్న అనుమానమే రాలేదు. కళ్ళు మసకబారాయని తెలుసు. చేయి మసకబారిందని తెలియదు.

అప్పుడు వచ్చాడు రామానుజం.

శాలిబండ వాడే, ఎన్నో తరాలుగా అక్కడ స్థిరపడిన అయ్యవార్ల కుటుంబం. పాత మేనేజరు రిటైరయ్యాక ఇతన్ని పంపారు. చెడ్డవాడని అనలేను. కానీ అప్పుడే పెద్దాఫీసులో ట్రైనింగు ముగించుకుని వచ్చాడు. కొత్తగా ఈత నేర్చినవాడికి ప్రతి గుంటా చెరువులాగే కనిపిస్తుంది. మెడలో తాడుకు స్టాప్‌వాచి వేలాడేది. వచ్చిన వారానికే గోడకు నల్లబోర్డు కొట్టించి, అందరి పేర్లూ రాయించి, ప్రతి సాయంత్రం పేరు పక్కన అంకె వేయడం మొదలుపెట్టాడు. బయట ఎమర్జెన్సీ. మాటలు తక్కువ, పని ఎక్కువ చేయాలని గోడగోడకూ రాసి ఉన్న రోజులు. ఇతనికి మాత్రం మాటలు తక్కువేం కాలేదు.

"ఇక్కడ ఎవరి పని వాళ్ళది, ఎవరి అంకె వాళ్ళది," అని మొదటిరోజే అందరినీ నిలబెట్టి చెప్పాడు. "రోజుకు పది. నెలాఖరుకు సగటున పది రానివాళ్ళు ఇంటికే, వాళ్ళు సర్‌ప్లస్. నేను కాదు, పైవాళ్ళ ఆర్డరు. కేంద్రం మొత్తానికీ పది రాకపోతే తలుపులే మూసేస్తారు. అప్పుడు నేనూ ఉండను."

ఆ చివరి మాట గొంతు తగ్గించి అన్నాడు. అతని భయం అతనిది.

బోర్డు మీద మొదటి వారం అంకెలు చూసి రామానుజం అదిరిపోయాడు. ఏడు, ఏడు, ఆరు, ఏడు, ఏడు. ఇరవైమంది చేతులు ఒకే రకంగా నడుస్తాయని అతనికి ట్రైనింగులో ఎవరూ చెప్పలేదు. మాణిక్యమ్మ కూడా బోర్డు దగ్గరికి వెళ్ళి, ముక్కు ఆనించినంత పని చేసి చూసింది. ఆమె తీసిన లెక్క వేరు. ఇంతమందికీ నేర్పింది తనే. ఇంతమందీ నెమ్మదిగానే ఉన్నారు. అంటే తప్పు నేర్పడంలోనే ఉంది. తనవి ఏడు ఎందుకయ్యాయంటే మాటిమాటికీ లేచి వీళ్ళ పని చూస్తున్నందుకు, అంతే. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నట్టు, ఆ మాట ఒకసారి మనసులో పడ్డాక ఆమె ఇంకోవైపు చూడలేదు.

అందులో సత్తెమ్మ సంగతి ఆమెను మరీ తినేసింది. సత్తెమ్మ అక్కడ అందరికన్నా చిన్నది. పెనిమిటి రామ్‌చందర్ మేస్త్రీ పనిలో సారవ కర్రల మీదినుంచి పడి నడుము విరిగి మంచంలో ఉన్నాడు. ఇద్దరు పిల్లలు. ఆ పిల్లకు ఈ పని పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. అలాంటిది, ఆమె రోజూ కుట్టిన కుట్టు విప్పుతూ ఉండడం మాణిక్యమ్మ చెవిన పడింది. కళ్ళు సరిగా ఆనకపోయినా, కుట్టు విప్పేటప్పుడు వచ్చే ఆ పుటుక్ పుటుక్ చప్పుడు ఆమెకు తెలియకపోతుందా?

"మళ్ల తప్పు గొట్టినవా?" అని పక్కకు వెళ్ళి నిలబడింది ఒకరోజు.

సత్తెమ్మ చొక్కాను ఒడిలోకి లాక్కుంది. "జర వంకర వోయిందక్కా."

"ఏడ? కాలర్లనా?"

"ఆఁ, కాలర్లనే."

ఏ వంకరా పోలేదు. ఆ పిల్ల చేతిలోది నికార్సయిన కాలరు. అప్పటికే ఏడు చొక్కాలు అయిపోయాయి. ఉస్తానీవి ఇంకా అయిదే. ఊరికే చేతులు ముడుచుకుని కూర్చుంటే మేనేజరు చూస్తాడు, ఇంకొకటి కుడితే ఉస్తానీని మించిపోతుంది. అందుకని కుట్టినదాన్నే విప్పి, మళ్ళీ కుట్టి, మళ్ళీ విప్పుతూ పొద్దు గడుపుతున్నది. చక్కగా కుట్టినదాన్ని విప్పడం ఎంత కష్టమో కుట్టేవాళ్ళకే తెలుసు.

మర్నాటినుంచి మాణిక్యమ్మ మళ్ళీ పాఠం మొదలుపెట్టింది. మధ్యాహ్నం అన్నం తినే వేళ సగం, పని వేళ ఒక గంట కోసి, నలుగురైదుగురిని తన మిషను చుట్టూ కూర్చోబెట్టుకుని కాలరు మూల ఎలా తిప్పాలో, చంక కుట్టు ఎక్కడ ఆపాలో మొదటినుంచి చెప్పింది. పాత పేపర్లు తెచ్చి దారం లేకుండా సూది నడిపించింది. పదేళ్ళుగా చొక్కాలు కుడుతున్న రాజమణి, గడపదాటని కొత్తకోడలిలా తల వంచుకుని పేపరు మీద సూది నడిపింది. రామానుజానికి ఇది ఎంతో నచ్చింది. శిక్షణ పెరిగితే ఉత్పత్తి పెరుగుతుందని అతను చదువుకుని వచ్చాడు. పాఠానికి పోయిన వేళ అటు పోగా, ఉస్తానీ చొక్కాలు ఏడునుంచి ఆరుకు దిగాయి. ఆమెతో పాటు గది మొత్తం ఆరుకు దిగింది. శిక్షణ పెరిగింది, ఉత్పత్తి తగ్గింది. రామానుజం తల పట్టుకున్నాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు లాగా పెద్దాఫీసు నుంచి ఫోను కూడా వచ్చింది.

ఇంటి దగ్గర మాణిక్యమ్మ ముద్ద మింగలేకపోయేది.

"నా చేతులు నేర్పినయి, నా నోరే చెడిందా?" అంది ఒక సాయంత్రం ప్రకాశంతో. గుమ్మం దగ్గర కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నది. ఏరుతున్నానని అనుకుంటున్నది. "నెలాఖరుకు సత్తెమ్మను తీసేస్తరు. ఆ పిల్ల నా మొఖం ఎట్ల జూస్తది? నేనెట్ల జూస్త?"

ప్రకాశం ఆమె ముందునుంచి చేట తీసుకుని తనే ఏరడం మొదలుపెట్టాడు. గేటు దగ్గర ముప్పై ఏళ్ళు వచ్చే బండినీ పోయే బండినీ చూసినవాడు. చూసినదంతా నోటితో చెప్పడం అతని స్వభావం కాదు.

"ముందుగాల నీ కండ్లు చూపిచ్చుకో మాణిక్యం."

"నా కండ్లకేమైందయ్యా? నేను సత్తెమ్మ గురించి చెప్తుంటే..."

"అన్నంల రాళ్ళొస్తున్నయి. నేను నవులుతనే ఉన్న. ఎప్పుడన్న అన్ననా?"

నిజానికి కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి కూడా ఆమెకు భయమే. అక్కడ ఏదైనా కాగితం రాసిస్తే అది రామానుజం దాకా పోతుందని. తను లేకుండా పోతే ఈ నెమ్మది చేతులవాళ్ళకు దిక్కెవరని. అయినా భర్త పోరు పడలేక సరేనంది.

అదే రోజుల్లో కేంద్రంలో నీళ్ళ కుండ దగ్గర రాజమణి, సత్తెమ్మ గుసగుసలాడుకుంటున్నారు.

"ఇగ నాతోని గాదక్కా," అంది సత్తెమ్మ. "మా ఇంట్ల పరేషానీ నీకు తెల్వంది కాదు. దినాము విప్పుకుంట కూసుంటే నన్ను తీసేస్తరు. నా పిల్లలేం దినాలె?"

"నువ్వు పది గుట్టు, ఎవలొద్దన్నరు?"

"నేను పది గుడ్తే బోర్డు మీద ఉస్తానీ పేరు అడుగున వడ్తది."

రాజమణి గ్లాసు నోటిదాకా తెచ్చి ఆగిపోయింది. ఇన్నాళ్ళూ మర్యాద కోసం తగ్గించారు. ఇప్పుడు బోర్డు వచ్చాక అదొక కట్టడి అయి కూర్చుంది. అందరూ ఆరు దగ్గర ఉంటే ఎవరినని తీస్తారు? ఒక్కరు పైకి లేచినా కింద మిగిలేది ఉస్తానీ ఒక్కతే. ఆమెకు చెబుదామంటే, నీ చేయి పడిపోయిందని ఆమె ముఖం మీద చెప్పగల మొనగత్తె ఆ గదిలో లేదు.

"ఏదో ఒకటి దేవుడే జూస్తడు," అంది రాజమణి. దేవుడికి అప్పజెప్పారంటే ఎవరి దగ్గరా ఉపాయం లేదనే అర్థం.

కళ్ళ ఆస్పత్రికి వెళ్ళిన రోజు మాణిక్యమ్మ పని తొందరగానే తెమిలింది. రెండు కళ్ళలోనూ పొర ముదిరిందని, ఆపరేషను చేయాలని, అప్పటిదాకా సూది పని మానాలని డాక్టరు చెప్పాడు. ప్రకాశం ఇంటికి పోదామన్నాడు. "సగం పూటన్న పని గావద్దా? నేను లేకుంటే వాళ్ళు ఇంకింత నెమ్మది చేస్తరు," అని ఆమె ఒక్కతే బస్సెక్కి శాలిబండలో దిగింది.

సందు మలుపు తిరగగానే ఆమె ఆగిపోయింది.

దేవిడీలోంచి మిషన్ల చప్పుడు వస్తున్నది. అది రోజూ వినే చప్పుడు కాదు. కొంతసేపు నడిచి, ఆగి, మళ్ళీ కదిలే ఆ నీరసపు చప్పుడు కాదు. ఆగని వాన రేకుల మీద పడుతున్నట్టుంది. ముందు ఆమెకు అర్థం కాలేదు. కేంద్రానికి కొత్తవాళ్ళు వచ్చారేమో, తన వాళ్ళను తీసేశారేమో అనుకుంది. గోడ పట్టుకుని కిటికీ కిందికి వెళ్ళి చెవి పెట్టింది. ఆ మిషన్లలో ఏది ఎవరిదో ఆమెకు చప్పుడుతోనే తెలుసు. కిరకిరమంటున్నది రాజమణిది. దాని పక్కన, మధ్యలో ఎక్కడా ఊపిరి తీసుకోకుండా, చంక నుంచి నడుము దాకా ఒకే విసురులో దిగుతున్నది సత్తెమ్మ మిషను. అంత వేగం తను కూడా మంచి రోజుల్లోనే చూసింది. ఆ చేతికా తను దారం లేని సూదితో పాఠం చెప్పింది?

ఎదురింటి అరుగు మీద కూలబడింది. కాసేపటికి చాయ్ కోసం బయటికొచ్చిన ఇస్సాకు ఆమెను చూసి కొయ్యబారిపోయాడు.

"గిదేంది ఇస్సాకూ?"

"ఏందక్కా?"

"నాకు కండ్లు గనవడ్తలెవ్వు గని చెవులు ఇనవడ్తున్నయి. గిదేందని అడుగుతున్న."

ఇస్సాకు లోపలికి ఒకసారి, ఆమె వైపు ఒకసారి చూశాడు. తప్పించుకునే దారి లేదని తెలిశాక తల దించుకున్నాడు. "నువ్వు చావుకో పెండ్లికో పోయిననాడు గిట్లనే ఉంటదక్కా. నువ్వుంటే నీ మూట జూసి కడ్తరు."

"ఎన్ని దినాలాయె?"

"దినాలా?" అన్నాడు ఇస్సాకు. "ఏండ్లు."

ఆ తర్వాత అతను బోర్డు సంగతీ, సత్తెమ్మ కుట్లు విప్పే సంగతీ అన్నీ చెప్పాడు. మాణిక్యమ్మకు ముందు వచ్చింది కోపం. ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళు తనను పసిపిల్లను ఆడించినట్టు ఆడించారు. తను పాఠం చెబుతుంటే తలలూపారు. పేపరు మీద సూది నడిపి చూపించారు. లోపలికి వెళ్ళి ఒక్కొక్కరినీ దులిపేద్దామని లేచింది కూడా. లేచి, మళ్ళీ కూర్చుంది. తను లోపల అడుగు పెడితే ఆ చప్పుడు ఆగిపోతుంది. అంత సిగ్గు ఆమె పుట్టి బుద్ధెరిగాక పడలేదు. పైట చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఇస్సాకు చాయ్ మరిచిపోయి పక్కనే నిలబడ్డాడు.

"నేను వచ్చినట్టు చెప్పకు," అని ఇంటిదారి పట్టింది.

మర్నాడు పొద్దున బోర్డు ముందు రామానుజం అందరినీ నిలబెట్టాడు. ముందురోజు అంకెలు అతన్ని సంతోషపెట్టలేదు, అగ్గి మీద గుగ్గిలం చేశాయి. తొమ్మిదికి తక్కువ ఒక్కటీ లేదు. సత్తెమ్మ పేరు పక్కన పన్నెండు. ఒక్క మాణిక్యమ్మ పేరు పక్కన ఖాళీ. చేతకాక కాదు, కావాలనే తగ్గించారని అతనికి అర్థమైంది. ఎవరో వెనక ఉండి ఆడిస్తున్నారని కూడా అనుకున్నాడు. ఆ ఎవరో ఎవరన్నది, అందరికన్నా ఎక్కువ దాచిన మనిషికి తెలిసే ఉండాలి.

"సత్తెమ్మా, నువ్వు ముందుకు రా. మొన్న ఆరు, నిన్న పన్నెండు. కావాలని పని తగ్గించే దీన్ని గో-స్లో అంటారు. ఈ రోజుల్లో దీనికి పోయేది ఉద్యోగం ఒక్కటే కాదు, ఠాణాకు కూడా పోవలసి వస్తుంది. ఎవరు చెబితే చేశావు?"

సత్తెమ్మ బోర్డు ముందుకు వచ్చింది. పెదవి కొరుక్కుని నిలబడింది. కళ్ళు మాత్రం మాణిక్యమ్మ వైపు పోకుండా నేలకు దించుకుంది.

"చెప్పకపోతే నీ పేరే పైకి రాస్తాను," అన్నాడు రామానుజం. "నాకు వేరే దారి లేదు."

మాణిక్యమ్మ ఇన్ని రోజులుగా ఏది జరుగుతుందని భయపడిందో అదే జరుగుతున్నది, అదీ తన మూలానే. చెబితే తన పరువు ఈ గదిలోనే, ఈ పిల్లల ముందే పోతుంది. ఆమె మిషను అంచు పట్టుకుని లేచింది.

"జర ఆగుండ్రి సార్. ఆ పిల్లను ఇడిచిపెట్టుండ్రి. తగ్గిచ్చింది నేను."

"మీరా? నిన్న మీరు లేనే లేరు కదా."

"అందుకే నిన్న పెరిగింది. నేను ఏడు గుడ్తే ఈళ్ళు ఏడు, ఆరు గుడ్తే ఆరు. నా మూటకు మించి కట్టొద్దని నేనే నేర్పిన సార్. మా బాపు నాకు నేర్పిండు, నేను ఈళ్ళకు నేర్పిన. నా కండ్లు పోయినయి, నా చెయ్యి వడిపోయింది. ఈళ్ళందరు నెమ్మదని నేను పరేషాన్ అయిన. నెమ్మది నేను."

ఒక్కసారిగా గదిలో ఏడుపులు లేచాయి. రాజమణి, "అట్లనకక్కా," అని దగ్గరికి రాబోతే మాణిక్యమ్మ చేయి అడ్డం పెట్టింది. రామానుజం మెడలోని వాచిని పట్టుకుని నిలబడ్డాడు. ఇలాంటి దానికి ఏం చేయాలో ట్రైనింగులో చెప్పలేదు కాబోలు.

"ఇవాళ ఎవరు ఎన్ని కుడితే అన్నే రాస్తాను," అన్నాడు చివరికి. "అందరివీ. సత్తెమ్మ సంగతి సాయంత్రం చూద్దాం."

మాణిక్యమ్మ ఆడవాళ్ళ వైపు తిరిగింది. "ఇన్నరు గదా? ఇయ్యాల నా కోసం ఆగినదానికి నేను పని నేర్పలేదు. నా పేరు చెప్పుకోవద్దు. పోండ్రి, కూసోండ్రి."

ఆ రోజు ఆమెకు గడిచిన రోజు కాదు. వేళ్ళు ఖాకీ మీద, చెవులు గది మీద. మిషన్లు మొదట బెరుకుగా కదిలాయి, తర్వాత ఒకటొకటిగా ఊపందుకున్నాయి. మధ్యలో సత్తెమ్మ మిషను ఆగింది. ఆగిందా పిల్ల? మళ్ళీ విప్పుతున్నదా? పుటుక్ మన్న చప్పుడు కోసం చెవులు రిక్కించింది. వినిపించలేదు. బాబిన్‌లో దారం అయిపోయినట్టుంది. మిషను మళ్ళీ పరుగందుకుంది. మాణిక్యమ్మ నుదుటి చెమట తుడుచుకుని తన సూది కింది గుడ్డను తడుముకుంది.

సాయంత్రం సత్తెమ్మ పని ముందుగా అయిపోయింది. చొక్కాలన్నీ ఎదురుగా పేర్చుకుని, పేలిక చేతిలో పట్టుకుని కూర్చుంది. కట్టడం లేదు. ఆమెను చూసి మిగతావాళ్ళూ కట్టడం లేదు.

"కట్టు," అంది మాణిక్యమ్మ, సూది మీదినుంచి తలెత్తకుండానే.

సత్తెమ్మ కట్టింది. లేచి, మాణిక్యమ్మ మిషను పక్కనుంచి నడిచి, మూటను బల్ల మీద పెట్టింది. ఆ వెనక రాజమణి, ఆ వెనక మిగతావాళ్ళు. బల్ల దగ్గర ఇస్సాకు ఒక్కొక్కటే విప్పి, తిరగేసి, లెక్క చెబుతున్నాడు. పది, పది, తొమ్మిది, పదకొండు. సత్తెమ్మవి పదమూడు. రామానుజం బోర్డు మీద వేస్తున్నాడు. సత్తెమ్మను మరి ఏమీ అడగలేదు. అడగడానికి ఏమీ మిగలలేదు.

మాణిక్యమ్మ చివరి కాజా దగ్గర ఉండగా రాజమణి వచ్చింది. "నీ మూట నేను గడ్తక్కా, నువ్వు గది గానియ్యి," అని ఆమె చొక్కాలు తీసుకుని వెళ్ళింది. మంచి మనసుతోనే అన్నదని మాణిక్యమ్మ ఊరుకుంది. పని ముగించి, ఆ ఒక్కటీ చేత్తో పట్టుకుని వెళ్ళి మూట అందుకుంది. అందుకోగానే ఆగింది. తను కుట్టిన బరువు ఎంతో ఆమె చేతులకు తెలుసు. ఇది అంతకన్నా బరువు.

బల్ల మీద పెట్టి మూట విప్పింది. చొక్కాలను ఒక్కొక్కటిగా తీసి కాలర్ల మీద బొటనవేలు నడిపింది. "ఇది నాది. ఇదీ నాదే. ఇది రాజమణిది, అంచు కుట్టు దగ్గరికి వోతది దానిది. ఇదీ రాజమణిదే. తీస్కపో." రాజమణి ముఖం కొంగులో దాచుకుంది. మాణిక్యమ్మ వేలు ఇంకొక కాలరు దగ్గర ఆగింది. మూల తిరిగిన చోట కుట్టు ఎక్కడా తెగలేదు, ముడుచుకోలేదు. వేలు అటునుంచి ఇటు, ఇటునుంచి అటు రెండుసార్లు తిప్పింది. ఇన్నాళ్ళూ ఆ పిల్ల పని విప్పేటప్పుడు వినడమే తప్ప, చేతితో తాకి చూడలేదు.

"ఇది సత్తెమ్మది," అంది. "మంచిగ గుట్టినవ్ బిడ్డా. మస్తు మంచిగ గుట్టినవ్."

సత్తెమ్మ ఏడుస్తూ అడ్డం వచ్చింది. "ఉండనీ అక్కా. ఒక్క దినం ఉండనీ. నా పదమూడు లెక్కల వడ్డయి, గిది ఎక్కువ గుట్టింది."

"నీ లెక్కల ఏస్కో. నాకొద్దు."

బల్ల మీద మిగిలిన వాటిని ఇస్సాకు లెక్కపెట్టాడు. అంకె పైకి చెప్పడానికి నోరు రాక రామానుజం వైపు చూశాడు. రామానుజం సుద్దముక్క పట్టుకుని బోర్డు ముందే నిలబడి ఉన్నాడు. ఆ పేరు పక్కన ఏం వేస్తే ఏమవుతుందో గదిలో అందరికన్నా అతనికే బాగా తెలుసు. చేయి ఒకసారి పైకి లేచి, ఆగి, మళ్ళీ కిందికి దిగింది.

"సార్," అంది మాణిక్యమ్మ. ఆమె ముఖం బోర్డు వైపే ఉంది గానీ చూపు కొద్దిగా పక్కకు పోయింది. "నాకు కనవడదని వేరేది రాయకుండ్రి."

రామానుజం అయిదు వేశాడు.